మధ్యలో దూరిన మాట

విఠల్ సార్ మా ఇంటికి రావడం అదే మొదటిసారి. ఆయన దగ్గర చదువుకున్నన్నాళ్ళూ ఇబ్రహీంపట్నంలో మా వాడ ఏ వైపున ఉందో కూడా ఆయనకు తెలిసి ఉండదు. రోజూ పొద్దున మీర్‌పేట్ నుంచి బస్సులో వచ్చి, సాగర్ రోడ్డు మీద దిగి, గొడుగు ఊపుకుంటూ తిన్నగా బడికి వెళ్ళేవారు. సాయంత్రం అదే దారిన తిన్నగా వెనక్కి. అలాంటి మనిషి మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం మా గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతుంటే, లోపల కంప్యూటర్ ముందు కూర్చున్న నేను లేచి నిలబడ్డాను. పద్నాలుగేళ్ళ పిల్లలాగా, బెంచీ చప్పుడు కాకుండా లేచినట్టు. లేచినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆయన వెంట శ్రీకాంత్ ఉన్నాడు. నాతో చదివినవాడే. ఇప్పుడు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు, ఫోటో ఫ్రేములు చేసే షాపు పెట్టుకున్నాడు. పాత విద్యార్థుల సంఘానికి వాడే అధ్యక్షుడు. అమ్మ వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. సార్‌ని చూడగానే బూడిద చేతులతోనే లేచింది.

"అయ్యో, సారా! రాండ్రి సార్, రాండ్రి. ఓ శిరీషా, కుర్చీ తే. గా ప్లాస్టిక్‌ది కాదు, మంచిది తే."

"మంచిగున్నవా యాదమ్మా? బిడ్డను చూసి పోదామని వచ్చిన" అన్నారు సార్. కుర్చీ తుడిచేదాకా ఆగి కూర్చున్నారు.

సంగతి శ్రీకాంత్ చెప్పాడు. "సార్ రిటైర్ అయితుండు శిరీషా. అన్ని బ్యాచులోళ్ళం కలిసి ఫంక్షన్ హాల్ల సన్మానం పెడుతున్నం. సన్మాన పత్రం నువ్వు రాయాలె. నువ్వు ఇంగ్లిష్ సాఫ్ చేసే నౌకరి చేస్తున్నవట గదా, మీ అమ్మ మార్కెట్ల అందరికి చెప్తది."

"తెలుగుల అయితే ఎవడైనా రాస్తడు" అన్నారు సార్. "ఇంగ్లిష్ సార్‌కు ఇంగ్లిష్‌లనే ఉండాలె. నా స్టూడెంటే రాయాలె. ఒక్క తప్పు ఉండొద్దు. ఏ తప్పు అంటున్ననో తెలుసు గదా?"

నవ్వారు. ఆ నవ్వుతో పాటు ఆయన కుడిచేతి ఉంగరం కుర్చీ చేతి మీద ఒకసారి టక్కుమంది.

"తెలుసు సార్" అన్నాను.

ఆ టక్కుమన్న చప్పుడు దగ్గరే నా బాల్యమంతా ఆగి ఉంది. అప్పటి మా ఇంటి గురించి చెబితే గానీ ఆ సంగతి అర్థం కాదు. మాది చేపలు పట్టేవాళ్ళ కుటుంబం. నా చిన్నతనంలో మాత్రం పెద్ద చెరువు ఎండిపోయి ఉండేది. బాపు వల మా ఇంటి దూలానికి వేలాడుతూ, మడతల్లో దుమ్ము పట్టి, పిచ్చుకలు పోచలు పీక్కుపోయే సరుకుగా మిగిలింది. ఆయన కందుకూరు దిక్కు తోటల్లో కూలికి పోయేవాడు. అమ్మ తెల్లారకముందే లేచి పట్నం పోయి, పెద్ద మార్కెట్లో చేపలు కొనుక్కుని, మంచు డబ్బాతో ఆటోలో తిరిగొచ్చి, బజారులో గోనెపట్టా పరుచుకునేది. చెరువులో నీళ్ళు లేకపోయినా మా ఇంట్లో చేపల వాసన పోలేదు. గోడలకు, చాపకు, నా జడకు, నా పుస్తకాల అట్టలకు ఉండేది. నాకు అది వాసన అని తెలియదు. ఇల్లంటే అలాగే ఉంటుందనుకున్నాను. బాపు రాత్రి కూలి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, వాడని ఆ వలను కిందికి దించి, తెగిన కన్నులు అల్లుకుంటూ కూర్చునేవాడు. "ఎందుకు బాపూ, నీళ్ళే లేవు గదా" అంటే "నీళ్ళొచ్చిన నాడు కుట్టుకుంట కూసుంటమా?" అనేవాడు. ఆ దీపం వెలుతురులోనే, ఆయన పక్కనే బోర్లా పడుకుని, నేను దొరికిన పుస్తకమల్లా చదివేదాన్ని. నలుగురిలో నోరు తెరవలేని పిల్లను. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ మాటల్ని ఇంగ్లిష్‌లో రాస్తే ఎవరూ చదవలేరన్న ధీమాతో ఇంగ్లిష్ నేర్చుకున్నాను. ఈ సంగతి విఠల్ సార్‌కి ఎన్నడూ తెలియదు. తన వల్లే నేర్చుకున్నానని ఆయన నమ్మకం.

అమ్మ పట్టుబట్టి నన్ను ప్రైవేటు బడిలో, ఇంగ్లిష్ మీడియంలో వేసింది. అక్కడ అందరూ భయపడే మనిషి విఠల్ సార్. కొట్టేవారు కాదు. కొట్టే సార్లంటే మాకు భయం ఉండేది కాదు, దెబ్బ తగిలిన చోట ఉఫ్ అని ఊదుకుంటే పోతుంది. ఈయనకు ఇంగ్లిష్‌లో ఒక నియమం ఉండేది. ఆ నియమం కోసమే పుట్టినట్టు ఉండేవారు. 'టు' అనే చిన్న మాట, దాని వెంట పని చెప్పే మాట, ఈ రెండూ జంట. 'టు గో' అంటే వెళ్ళడానికి, 'టు సీ' అంటే చూడడానికి. ఆ రెంటి మధ్య మూడో మాట దూరకూడదు. స్పష్టంగా చూడడానికి అని రాయాలంటే 'టు సీ క్లియర్లీ' అనాలి గానీ 'టు క్లియర్లీ సీ' అనకూడదు. అంటే ఉంగరం బల్ల మీద టక్కుమనేది. తెలుగులో ఈ బాధే లేదు. చూడడానికి అన్నది ఒకే మాట, దాన్ని చీల్చి మధ్యలో ఏదైనా దూర్చమన్నా ఎవరి తరమూ కాదు. ఆ నియమం ఎందుకు ఉందని ఒకసారి ఎవరో అడిగారు. "భార్యాభర్తల నడుమ పరాయోడు పండుకుంటడారా?" అన్నారు సార్. క్లాసంతా నవ్వింది. మళ్ళీ ఎవరూ అడగలేదు.

తప్పు రాసినవాళ్ళకు ఆయన పెట్టిన శిక్ష పేరు డెమో. ఇద్దరు గట్టి పిల్లల్ని పిలిచి భుజం భుజం ఆనించి నిలబెట్టేవారు. ఒకరి మెడలో 'టు' అని రాసిన పలక. ఇంకొకరి మెడలో క్రియ రాసిన పలక. తప్పు రాసిన పిల్ల మెడలో ఆ మధ్యలో దూరిన మాట. ఆ పిల్ల వెళ్ళి ఇద్దరి మధ్య దూరాలి. సార్ ఉంగరంతో బల్ల మీద కొట్టగానే క్లాసంతా "అవుట్" అని అరవాలి. ఇద్దరూ భుజాలతో నూకేస్తే ఆ పిల్ల వెళ్ళి గోడకో, బెంచీకో తగలాలి. 'టు' ఎప్పుడూ శ్రీకాంతే. అప్పటికే వాడు దున్నపోతులా ఉండేవాడు.

ఒకటి రెండు సార్లు ఆ డెమోకు నేనూ లేచాను. అది అందరికీ ఉండేదే. నాకు మాత్రం అదనంగా ఒకటి ఉండేది. సార్ నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టారు, "గాలి రానీ" అని. ఎవరి కోసం గాలి రావాలో క్లాసులో అందరికీ అర్థమైంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి తలకు షాంపూ పెట్టి, మళ్ళీ పెట్టి, నీళ్ళన్నీ ఖర్చు చేశానని బాపుతో తిట్లు తిన్నాను.

ఆ ఏడు పేరెంట్స్ డేకి ముందు, మాకు ఇష్టమైన మనిషి గురించి వ్యాసం రాయమన్నారు. నేను అమ్మ గురించి రాశాను. బజారులో ఎండలో గోనెపట్టా మీద, ముక్కులు మూసుకుని పోయేవాళ్ళ మధ్య, కొనేవాళ్ళ కోసం చూస్తూ కూర్చునే అమ్మ గురించి. ఒక వాక్యం రాసి ఆగి చదువుకుని, నాలో నేనే మురిసిపోయాను. ఓపిగ్గా ఎదురుచూడడమే మా అమ్మ పని అన్న వాక్యం. 'టు పేషెంట్లీ వెయిట్' అని రాశాను. నాకు నియమం తెలుసు. కానీ ఓపికను చివరకు తీసుకుపోయి పెడితే అది అమ్మలా లేదు. ఎదురుచూపు లోపల ఓపిక ఉండాలి, బయట కాదు. చదివితే చెవికి అలా వినబడింది. అందుకే అలా ఉంచాను.

పేరెంట్స్ డే నాడు అమ్మ బేరం మధ్యలో వదిలేసి, చీర మార్చుకుని, జడలో పూలు పెట్టుకుని వచ్చింది. వెనక బెంచీ చివర, ఎవరికీ తగలకుండా ఒదిగి కూర్చుంది. విఠల్ సార్ తల్లిదండ్రులకు తన పాఠం చెప్పే పద్ధతి చూపిస్తానన్నారు. "శిరీషా, కమ్" అన్నారు. నా మెడలో పలక వేశారు. దాని మీద ఉన్న మాట 'పేషెంట్లీ'. ఓపిగ్గా. అమ్మ గురించి నేను రాసుకున్న మాట. శ్రీకాంత్‌కీ, ఇంకొకడికీ మధ్య దూరాను. ఉంగరం టక్కుమంది. "అవుట్!" అని క్లాసు అరిచింది. నేను వెళ్ళి నల్లబల్లకు తగిలి కూర్చుండిపోయాను. తల్లిదండ్రుల్లో కొందరు నవ్వారు. అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా అమ్మ.

ఆమెకు అది ఆట. బిడ్డ నోరు తెరవదని బెంగపడే తల్లికి, అందరి ముందు మెడలో పలక వేసుకుని నాటకం ఆడిన బిడ్డ కనిపించింది. ముఖమంతా వెలిగిపోతూ, లేచి నిలబడి కొట్టింది. ఇంటికి వచ్చే దారిలో అడిగింది.

"నీ మెడల ఏం రాసిండ్రు బిడ్డా?"

"నా వేషం పేరు."

"ఏం వేషం?"

"రాణిది" అన్నాను.

"గందుకే నిన్ను నడుమ నిలబెట్టిండ్రు" అంది అమ్మ.

ఆ రాత్రి నా డైరీలో ఏమీ రాయలేదు. రాయడానికి ఉన్న భాషనే ఆయన లాక్కున్నారు.

ఇదంతా ఇక్కడితో అయిపోయి ఉంటే బహుశా నేనూ మరిచిపోయేదాన్ని. అమ్మ మరవనివ్వలేదు. తన బిడ్డకు నడుమ వేషం ఇచ్చిన సార్ అని ఆమెకు కృతజ్ఞత. సార్ సాయంత్రం బస్సుకి పోతూ బజారు మీదుగా వస్తే పిలిచి మరీ మంచి చేపను ఏరి, పొలుసు తీసి, బూడిదతో రుద్ది, కడిగి, ముక్కలు చేసి ఇచ్చేది. "పైసలేం వద్దు సార్, బిడ్డకు సదువు చెప్తున్నవ్" అనేది. ఆయన వద్దనలేదు. ఒక్కసారి కూడా వద్దనలేదు. "బస్సుల వాసనొస్తది యాదమ్మా, రెండు కవర్ల కట్టు" అనేవారు. ఆ కవర్లు నేనే కట్టేదాన్ని. ముడి వేస్తూ, ఎంత గట్టిగా బిగించేదాన్నంటే వాళ్ళింట్లో కత్తెర లేకుండా విప్పలేకపోయి ఉంటారు. అప్పటికి నాకు చేతనైన పగ అంతే. మరునాడు క్లాసులో మళ్ళీ కిటికీ పక్కనే కూర్చునేదాన్ని, గాలి రావడానికి. ఇప్పటికీ ఆయన గురించి రాసేటప్పుడు 'అన్నాడు', 'తిన్నాడు' అని రాయాలని ప్రయత్నిస్తాను. చేయి రాదు. పెంపకం అలాంటిది. ఆయనను 'వాడు' అనుకునే సుఖం కూడా నాకు దక్కలేదు.

డిగ్రీ అయ్యాక, ఇంట్లోంచే చేసే ఉద్యోగం దొరికింది. కంపెనీలవాళ్ళు రాసుకునే ఇంగ్లిష్‌ను దిద్దే పని. ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు, అందుకే ఒప్పుకున్నాను. మొదటి వారం నా చేతికి వచ్చిన ప్రతి కాగితంలోనూ, 'టు'కీ క్రియకీ మధ్య దూరిన ప్రతి మాటనూ ఏరి బయటకు నెట్టాను. ఎర్ర రంగుతో. చేయి ఆగలేదు. మనసులో ఉంగరం టక్కు టక్కుమంటూనే ఉంది. మా పై అధికారిణి బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. ఎందుకు ఇంత టైము వృథా చేస్తున్నావని అడిగింది. నియమం కదా మేడం అన్నాను. ఆవిడ నవ్వింది. అది ఎప్పుడూ నియమం కాదమ్మాయీ, అంది. ఇంగ్లిష్ పుట్టిన కాడినుంచీ మంచి రచయితలందరూ అలా రాస్తూనే ఉన్నారట. ఎప్పుడో కొందరు పెద్దమనుషులకు లాటిన్ అంటే మోజు. ఆ భాషలో అది ఒకే మాట, విడదీయడానికి వీల్లేదు. అందుకని ఇంగ్లిష్‌నీ విడదీయొద్దన్నారట. వాక్యం బాగుంటే ఉంచెయ్, ఊరికే తంటాలు పడకు, అని ఫోన్ పెట్టేసింది.

నేను లేచి వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను. ఏడుపు రాలేదు. నియమం నిజమైనదైతే, శిక్ష ఎంత కటువైనా, ఏదో ఒక న్యాయం ఉండేది. లేని నియమం కోసం మా అమ్మ మాటను నా మెడలో కట్టి గోడకు కొట్టించారు. ఆ మధ్యాహ్నం నుంచి ఆయనను ఏం చేయాలా అని వెతుకుతూనే ఉన్నాను. పెళ్ళి కాని పిల్లలు వరుడి గురించి ఆలోచించినట్టు నేను విఠల్ సార్ గురించి ఆలోచించాను. స్నానం చేస్తూ, బియ్యం ఏరుతూ, పాత బడి ముందు నుంచి పోతూ. ఏదీ తోచలేదు. నోరు తెరిచి ఒక మాట అనలేని దాన్ని, ఏం చేయగలను? అలాంటిది, ఆయనే చెప్పులు విప్పి మా ఇంట్లోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, కత్తి పిడి నా చేతికి ఇచ్చి వెళ్ళారు.

మా దగ్గర సన్మానానికి కొన్ని మర్యాదలున్నాయి. పత్రం రాసినవాళ్ళే వేదిక మీద చదవాలి. చదివేదాకా సన్మానం పొందే మనిషి అందులో ఏముందో చూడకూడదు. శాలువా కప్పి, పూలదండ వేసి, సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టాక, చదవడం పూర్తయ్యేదాకా ఆయన కదలకూడదు, మాట్లాడకూడదు, తలవంచి వినాలి. తర్వాత అద్దం కట్టిన పత్రాన్ని చేతికిస్తే, దాన్ని ఇంటి ముందుగదిలో గోడకు వేలాడదీసుకోవాలి. జీవితాంతం.

నేను ఎంతో శ్రద్ధగా రాశాను. ఇంత శ్రద్ధగా మరి దేన్నీ రాయలేదు. ఒక్క అబద్ధం కూడా రాయలేదు. నిర్భయంగా బోధించడానికి, అలుపెరగకుండా దిద్దడానికి పుట్టిన మనిషి అని. అన్నీ పొగడ్తలే. 'టు ఫియర్లెస్లీ టీచ్'. 'టు టైర్లెస్లీ కరెక్ట్'. ప్రతి జంట మధ్యలోనూ ఒక మాటను తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మంచి ఇంగ్లిష్. మా పై అధికారిణి చూస్తే ఒక్క అక్షరం మార్చదు. లోకంలో ఒక్క మనిషికే అది తప్పు. రాస్తున్నప్పుడు భయం వేయలేదు. రాయడం అయ్యాక వేసింది. ఎందుకంటే ఆయన సంగతి నాకు తెలుసు. పెళ్ళి శుభలేఖల్లో తప్పులకు ఎర్రగీతలు పెట్టి వెనక్కి పంపే మనిషి. సభ మధ్యలో చేయెత్తి "స్టాప్" అంటే? బడి పిల్లల ముందు, ఊరివాళ్ళ ముందు, మొదటి వరసలో కూర్చున్న అమ్మ ముందు నన్ను మళ్ళీ గోడకు కొట్టడానికి ఆయనకు ఆ ఒక్క మాట చాలు. ఈసారి అమ్మకు అది ఆట కాదని తెలిసిపోతుంది కూడా. శ్రీకాంత్ షాపులో ప్రింటు చేయించే ముందు రోజు అన్నీ సరిచేసి ఇంకో ప్రతి తయారు చేశాను. రెండూ పట్టుకుని వెళ్ళాను. షాపులో వాడు "సార్ ఫోన్ మీద ఫోన్, ముందుగాల ఒక్కసారి చూపియ్యమంటుండు. మర్యాద గాదు సార్ అన్న. తప్పులుంటయేమోరా అంటుండు. ఏందో ఆయన ఫికర్" అన్నాడు. సరిచేసిన ప్రతిని సంచిలోంచి బయటకు తీయలేదు.

హాలు నిండింది. మైకు ముందు మొదటి వాక్యం చదివాను. రెండో వాక్యంలో మొదటి జంట వచ్చింది. 'టు' అన్నాక కొద్దిగా ఆగాను. ఆగి, మధ్యమాటను నెమ్మదిగా, మంచినీళ్ళు పోసినట్టు పలికాను. కుర్చీలో సార్ తల చటుక్కున లేచింది. పొరపాటు అనుకుని ఉంటారు. రెండో జంటకు ఉంగరం కుర్చీ చేతి మీద టక్కుమంది, దండ కింద ఎవరికీ వినబడలేదు, నాకు తప్ప. మూడోదానికి ఆయన నా వైపు చూశారు. నేనూ చూశాను. చిన్నప్పటి నుంచీ ఎవరి కళ్ళలోకీ చూసి ఎరగని దాన్ని, ఆయన కళ్ళలోకి చూస్తూ నాలుగోది చదివాను. అది పొరపాటు కాదని అప్పుడు ఆయనకు అర్థమైంది.

సార్ లేచారు. చేయి కూడా పైకి లేచింది. నోరు తెరిచారు గానీ, అప్పటికే శ్రీకాంత్ పరుగున వచ్చి రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకున్నాడు.

"కూసోండ్రి సార్, కూసోండ్రి. నడుమల లేవొద్దు, మర్యాద గాదు."

"అరే, అది గాదురా..."

"మాకు తెలుసు సార్. దుఃఖమొస్తది. మాకు గూడ వస్తుంది. కూసోండ్రి."

ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులు వచ్చి ఆయనను కుర్చీలోకి వత్తి, జారిన శాలువా సర్ది, ఎవరో నీళ్ళ గ్లాసు నోటికి అందించారు. హాలంతా చప్పట్లు. సార్‌కి కళ్ళు తడిశాయని అందరూ అనుకున్నారు. తడిశాయి కూడా. నేను మిగిలినదంతా చదివాను. చివరి వాక్యం, తన విద్యార్థులు ఏమవుతారో చూడడానికి ఓపిగ్గా ఎదురుచూడడం ఆయనకు తెలుసని. 'టు పేషెంట్లీ వెయిట్'. అది చదివేటప్పుడు సార్ కళ్ళు మూసుకున్నారు. గుర్తుందో లేదో నాకు తెలియదు. తర్వాత ఆయన మాట్లాడాల్సిన వంతు వచ్చింది. వేదిక ఎక్కితే ఎన్నడూ తెలుగు పలకని మనిషి, బడిలో పలికిన పిల్లలను నిలబెట్టిన మనిషి, "అందరికి నమస్కారం. నాకు చాతనైతలేదు" అని తెలుగులో అని కూర్చున్నారు.

ఆ వారమంతా నేను హాయిగా ఉన్నాను. మొహమాటం లేకుండా చెబుతున్నాను, అన్నం రుచిగా ఉంది.

తర్వాతి ఆదివారం సార్ ఒక్కరే వచ్చారు. చంకలో న్యూస్‌పేపర్ చుట్టిన ఫ్రేము. ఈసారి కుర్చీ కోసం చూడలేదు. అమ్మ మునుపటిలాగే కత్తిపీట ముందు ఉంది. చెరువు నిండినప్పటి నుంచీ బాపు తెచ్చిన చేపలే కోస్తోంది, పట్నం పోవాల్సిన పని లేదు.

"జర మార్చి ఇయ్యి బిడ్డా" అన్నారు సార్ నాతో. "ఇంటికి వచ్చెటోళ్ళు చూస్తరు. గోడకు పెట్టలేకపోతున్న."

అమ్మ తలెత్తింది. "ఏం మార్చాలె సార్? మంచిగనే సదివింది గదా. అందరు మెచ్చుకున్నరు."

"తప్పున్నది యాదమ్మా."

"ఏం తప్పు?"

సార్ ఇబ్బందిగా చూశారు. కానీ పాఠం చెప్పడం ఆయనకు ఆగదు. "ఇంగ్లిష్‌ల టు అని ఒక మాట ఉంటది. దాని పక్కకు పని చెప్పే మాట. రెంటి నడుమ ఇంకో మాట దూరొద్దు."

"దూరితే? సమజ్ కాదా?"

"సమజైతది."

"మరి?"

"దూరొద్దు, అంతే. నీ బిడ్డకు తెల్వదా ఏంది? చిన్నప్పుడే చెప్పిన. పేరెంట్స్ డే నాడు అందరి ముంగట డెమో చేసి చూపిచ్చిన. నువ్వు గూడ వచ్చినవ్ గదా. మెడల పలక ఏసి, నడుమ నిలబెట్టి, తప్పు రాసినందుకు..."

అక్కడ ఆగారు. అమ్మ చేతిలోని చేప కత్తి మీద సగం తెగి ఆగింది.

"అది ఆట గాదా?" అంది అమ్మ.

అమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఇన్నేళ్ళూ ఆమెకు తెలియకుండా నేను కాపాడింది ఇదొక్కటే. దాన్ని కూడా ఆయనే వచ్చి ఆమె ముందు పెట్టారు, పాఠంలో ఒక ఉదాహరణగా.

"సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నేను మార్చ."

"శిరీషా, నీకు చదువు చెప్పిన..."

"అందుకే మార్చ."

"తప్పులతోని నేనేం చేసుకోవాలె దీన్ని? నాకొద్దు" అని ఫ్రేమును గోడకు ఆనించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఇదివరకు ఎన్నడూ చూడలేదు, ఆయన కొద్దిగా కుంటుతూ నడుస్తారు. చూశాను. జాలి వేస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను కూడా. వేయలేదు.

అమ్మ చేప కోయడం పూర్తి చేసింది. నేను గుమ్మంలో కూర్చున్నాను. ఇప్పుడు మా వాడ చుట్టూ ప్లాట్లు, కంపౌండ్ గోడలు, సాగర్ రోడ్డు మీద ఇంగ్లిష్ బోర్డులు. ఆ బోర్డుల మీద ఎన్ని తప్పులున్నా ఎవరూ ఎవర్నీ గోడకు కొట్టడం లేదు. మా ఆఫీసు కంప్యూటర్ కూడా ఆ మధ్యమాటను చూసి ఏమీ అనకుండా పోతుంది. అప్పటి నియమానికి ఇప్పుడు దిక్కు లేదు. చెరువుకు నీళ్ళొచ్చాయి, బాపు వల దూలం దిగింది, నేను ఇంటి గడపలో కూర్చుని దేశాల అవతలి వాళ్ళ వాక్యాలు దిద్దుతున్నాను. అన్నీ మునుపటికంటే బాగున్నాయి. అయినా నల్లబల్ల కింద కూర్చుండిపోయిన ఆ పిల్లను మాత్రం ఈ బాగు అంతా కలిసి లేపలేకపోయింది. లేపాలంటే ఒకటే దారి ఉండింది. ఆ దారిలో వెళ్ళాను. అందుకు ఇవాళ అమ్మ ముఖం ఇలా వాడిపోయింది.

అమ్మ చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆ ఫోటో ఇటు తే."

న్యూస్‌పేపర్ విప్పి తెచ్చాను. అద్దంలో మా ఇద్దరి ముఖాలు కనిపించాయి.

"సదువు. ఆనాడు సదివినట్టే. నాకు ఇప్పుడు ఎరుకైంది గదా."

చదివాను. 'టు' అన్నప్పుడల్లా అమ్మ చెవి దగ్గరకు వచ్చింది. మధ్యమాట రాగానే "ఇగో, దూరింది" అంది. మళ్ళీ వచ్చినప్పుడు నా తొడ మీద చరిచింది. సగానికి వచ్చే సరికి నవ్వడం మొదలుపెట్టింది, చీరకొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఊగిపోయేలా, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా. ఏది నవ్వో, ఏది ఏడుపో నేను అడగలేదు. చివరి వాక్యం కూడా చదివి ఆగాను.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

అమ్మ ముక్కు చీది, అద్దం మీద పడిన తడిని అరచేత్తో తుడిచింది.

"ఇంకో రెండు దూర్చకపోయినవ్ బిడ్డా" అంది.